ముఖం చూసి ఎక్కించుకో

నా పేరు ఐజాక్. బీకాం చదివాను. లెక్కలు తొందరగా చేస్తాను. మెట్లెక్కుతుంటే మెట్లు, బస్సెక్కితే సీట్లు, పెళ్ళికి పోతే పంక్తిలో కూర్చున్నవాళ్ళు... ఏదో ఒక లెక్క నా లోపల నడుస్తూనే ఉంటుంది. రెండేళ్ళు ఒకరి దగ్గర పనిచేసి, పోయిన ఏడాది పుట్టపర్తిలో సొంతంగా టూర్లు మొదలుపెట్టాను. ఆఫీసంటూ ఏమీ లేదు. ఒక ఫోను, ఒక లాంగ్ నోట్‌బుక్, కుళ్ళాయప్ప అన్న నడిపే పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్. పదకొండు సీట్లు అతిథులకు, పన్నెండోది నాకు.

మా టూరు ఆరు రోజులు. హంపిలో మొదలై గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, లేపాక్షి. ఒకే బృందం, బయటివాళ్ళు కలవరు, కథ చెప్పేది నేనొక్కడినే. కానీ అందరూ చూపించేవే చూపిస్తే నన్ను వెతుక్కుంటూ ఎవరు వస్తారు? అందుకే ఐదో రోజు సాయంత్రానికి సిద్ధలకోట పెట్టాను. ఏ పుస్తకంలోనూ లేని ఊరు. చూసినవాళ్ళు మర్చిపోరు. అప్పట్లో ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడిని.

చిలమత్తూరు దాటి పద్నాలుగు కిలోమీటర్లు పోతే తారు అయిపోతుంది. తర్వాత ఎర్ర మట్టి దారి. రెండు పక్కలా వేరుశనగ పీకేసిన చేలు, ఎండి నిలబడిన కంది కట్టె, నీళ్ళు పడక మూతలేసిన బోరు గుంతలు. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. సిద్ధలకోటలో మనుషులు లేరు. ఒక కోట గోడ, లోపల కూలిన ఇళ్ళ పునాదులు, మధ్యలో కప్పు కూలని రాతి ధాన్యపు కొట్టు. పెద్ద వాకిలిని ఎప్పుడో రాళ్ళతో కట్టేశారు. పక్కనున్న దిడ్డి వాకిలి ఒక్కటే దారి. మనిషి నడుము వంచి, ఒక్కొక్కరుగా దూరాలి.

డిసెంబరు నెల. ఆ రోజు నాతో వచ్చినవాళ్ళు హైదరాబాదులో ఒకే పార్కులో పొద్దున నడిచే పదకొండు మంది. అందరూ రిటైరైనవాళ్ళే. వాళ్ళ పెద్ద రాజేంద్ర గారు, ఇంజినీరుగా చేశారు. నేను ఏ సంవత్సరం చెప్పినా ఫోనులో సరిచూసుకుంటారు. ప్రసూన గారు హైస్కూలు టీచరు. ఆమె ప్రశ్నలకు ఐదు రోజుల్లో నా గొంతు పోయింది. అందరికంటే పెద్దావిడ వెంకటలక్ష్మమ్మ గారు. డెబ్బై ఒకటి. చేతికర్ర, బూడిదరంగు శాలువా. వెనక వరసలో కిటికీ పక్కన ఒంటి సీటు ఆమెది. గాలి పడదని శాలువా తల మీద నుంచి కప్పుకుని నిద్రపోయేది. గుత్తి కోటలో అందరూ పైకి పోతే కింద నాతో కూర్చుని, "నాయనా, నువ్వు తిన్నావా? మాకు చెప్పీ చెప్పీ నీ నోరు ఎండిపోయింది" అని సంచిలోంచి బత్తాయి తీసి ఒలిచి పెట్టింది. టూర్లలో నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

కోట దగ్గర కాపలా అంటే చిన్నక్క. జీతమేమీ లేదు, మేకలు అక్కడే మేపుకుంటుంది కాబట్టి కాపలా. ఐదూ పదికి బండి ఆగింది. నేను దిడ్డి పక్కన నిలబడి, దూరుతున్నవాళ్ళ వీపుల మీద వేలు చూపిస్తూ ఒకటి, రెండు అన్నాను. చిన్నక్క వచ్చి నా వేలు పట్టుకుని కిందికి వంచింది.

"ఈడ లెక్కబెట్టొద్దప్పా."

"ఎందుకక్కా? ఒగరు తగ్గితే?"

"లెక్కబెడితే లెక్కే వస్తాది. మనుషులు రారు. పేర్లు పెట్టి కూడా పిలవొద్దు. ముఖం చూసి లోపలికి పంపు, ముఖం చూసి బండెక్కించుకో. మా జీవాలనైనా అంతే."

"మేకలకు ముఖాలుంటాయా అక్కా?"

"నీదానికన్నా మేలైనవే ఉంటాయి."

కుళ్ళాయప్ప అన్న స్టీరింగు మీద తలపెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇట్లాంటి మాట అతిథులకు చెబితే బాగుంటుందే అనుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

ధాన్యపు కొట్టు లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. గబ్బిలాల వాసన, పాత బూడిద వాసన. పొద్దు వాలే వేళకు అక్కడికి చేర్చి, టార్చి ఆర్పేసి, గొంతు తగ్గించి చెప్పడం నా పద్ధతి.

"నూట యాభై ఏళ్ళ కిందట ధాత కరువులో ఈ గోడల మధ్య గంజి కొట్టం పెట్టినారు. సాయంత్రం కాగానే దిడ్డి దగ్గర ఒక గుమాస్తా కూర్చునేవాడు. పట్టీలో మూడు వందల పేర్లు. మూడు వందల మందికే గంజి. గోడ బయట ఎన్ని వేలమంది ఉన్నా వాళ్ళు లెక్కలో లేనట్టే. లోపల ఎవరైనా చనిపోతే ఇంటివాళ్ళు బయటికి చెప్పేవాళ్ళు కాదు. రాత్రికి పూడ్చేసేవాళ్ళు. మరుసటి రోజు ఆ పేరు పిలిచినప్పుడు గోడ బయటి మనిషి ఒకరు 'ఉన్నా' అని పలికి లోపలికి వచ్చేవాళ్ళు. గుమాస్తా తలెత్తి చూసేవాడు కాదు. లెక్క సరిపోతే చాలు."

కొంచెం ఆగి, చివరి మాట చెప్పాను. "మా తాతకు తాత అట్లే బతికినాడు. ఇప్పుడు మా ఇంటిపేరు ఆ చనిపోయిన మనిషిది."

"మరి మీ అసలు ఇంటిపేరు?" అన్నారు రాజేంద్ర గారు.

"తెలీదు సార్."

ఆ మాట దగ్గర కథ అయిపోతుంది. తర్వాత నేను టార్చి వెలిగిస్తాను. ఆ రోజు వెలిగించేలోపే చీకట్లోంచి ప్రసూన గారు అడిగారు.

"ఆ మనిషి ఇంకా చనిపోకముందే, ఎవరైనా ఆ పేరుకు పలికేస్తే?"

ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వెంకటలక్ష్మమ్మ గారి గొంతు మెల్లగా వినిపించింది.

"అప్పుడు ఆయన బయట నిలబడతాడు తల్లీ. ఇంకేం చేస్తాడు."

మేం బయటపడేసరికి ఆరు దాటింది. గాలి మొదలైంది. ఎండిన చేల మీదుగా వచ్చే గాలి అది, కంట్లో నోట్లో దుమ్ము కొడుతుంది. ఆడవాళ్ళు కొంగులు తలకు చుట్టుకున్నారు. మగవాళ్ళు రుమాళ్ళు కట్టుకున్నారు. చిన్నక్క అప్పటికే మేకలు తోలుకుని వెళ్ళిపోయింది. "వెంకటలక్ష్మమ్మ గారూ, నిదానం... వెంకటలక్ష్మమ్మ గారూ, ఇటు రాయి ఉంది" అని పిలుస్తూ నేను ముందు నడిచాను. దిడ్డి దాటి ఒక్కొక్కరే బండి వైపు పరిగెత్తినట్టు పోయారు. ముఖాలు ఎట్లా చూసేది? అన్నీ ముసుగులే. టార్చి కిందికి పట్టుకుని, అలవాటు కొద్దీ, పైకే లెక్కపెట్టాను.

తొమ్మిది. పది. పదకొండు.

సరిపోయింది. ఆ మాట అనుకున్నప్పుడు నాకెప్పుడూ ఒక చిన్న సుఖం. తలుపు వేసి, "పోదాం పా అన్నా" అన్నాను.

* * *

ఏడుకు పది నిమిషాలుండగా మెయిన్ రోడ్డు మీద టీ హోటల్ దగ్గర ఆపాం. అందరూ దిగారు. వెనక సీటులో వెంకటలక్ష్మమ్మ గారు దిగలేదు. శాలువా కళ్ళదాకా కప్పుకుని కిటికీకి ఆనుకుంది.

"టీ తేవాల్నా అమ్మా?"

"తల తిరుగుతోంది నాయనా. నీళ్ళియ్యి చాలు."

శాలువా అడ్డం వచ్చి గొంతు ఎక్కడినుంచో వచ్చినట్టుంది. కిటికీలోంచి సీసా అందించాను. చేయి బయటికొచ్చి తీసుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. చలికాలం కదా అనుకున్నాను.

టీ గ్లాసు పట్టుకుని కుళ్ళాయప్ప అన్న పక్కన నిలబడ్డాను. ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, ఎవరో తప్పు నొక్కారనుకున్నాను.

వెంకటలక్ష్మమ్మ గారు.

తలెత్తి బండి వైపు చూశాను. వెనక కిటికీలో బూడిదరంగు శాలువా కదలకుండా ఉంది.

"అమ్మా, చెప్పండి."

"నాయనా ఐజాక్..." ఆమె గొంతే. అదే నిదానం. "నన్ను వదిలేసి పోయారేం?"

"అమ్మా, మీరు బండిలోనే..."

"బండిలో నేను లేను నాయనా. ఇక్కడ చీకటిగా ఉంది. దిడ్డి దగ్గరే నిలబడ్డాను. వచ్చి పేరు పెట్టి పిలువు. వస్తాను."

ఫోను ఆగిపోయింది. తిరిగి చేశాను. మోగుతూ ఉంది. ఎవరూ ఎత్తలేదు.

టీ హోటల్లో పది మంది ఉన్నారు. మళ్ళీ లెక్కపెట్టాను. పది. బండిలో ఒకరు. పదకొండు. దిడ్డి దగ్గర ఇంకొకరు...

కుళ్ళాయప్ప అన్నకు గుసగుసగా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆడ టవర్ యాడుండాదప్పా? నా ఫోను ఎప్పుడూ మోగదు ఆడ."

"గోడ పక్కన నిలబడితే ఒగ గీత వస్తాదన్నా. నాకు వచ్చింది ఒగసారి."

"సరే. నువ్వు ఎక్కించేటప్పుడు ముఖాలు చూసినావా?"

"లెక్కబెట్టినా."

ఆయన బండి వైపు చేయి చూపించాడు. "పో. ఇప్పుడు పోయి ఆ యమ్మ ముఖం చూసి రా."

బండెక్కాను. లైటు వేయలేదు, ఎందుకో తెలియదు. రెండు వరసల మధ్య దారి. వెనక సీటు నాలుగు అడుగుల దూరం. శాలువా లోపలినుంచి శ్వాస వినిపిస్తోంది. ఎండిన గొట్టంలోంచి గాలి వచ్చినట్టు... ఒక అడుగు వేశాను. ఇంకో అడుగు. ధాన్యపు కొట్టులోని బూడిద వాసన వచ్చింది. అది నా చొక్కాకు అంటిందేమో. అందరి బట్టలకూ అంటి ఉంటుంది. అది ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం ఆ వాసన శాలువాలోంచే వస్తున్నట్టు అనిపించింది.

శాలువా కదిలింది. తల కిటికీ వైపు తిప్పుకుంది.

రెండు అడుగులు. చేయి చాపితే అంచు అందుతుంది. చాపలేదు. వెనక్కి నడిచి బండి దిగాను.

"చూసినావా?"

"చూసినా," అన్నాను. "ఆ యమ్మ కాదు."

నేను చూడలేదు. ఈ కథలో నేను చెప్పుకోవాల్సిన తప్పు ఇదే. చీకటికి భయపడి ఒక అబద్ధం చెప్పాను. కుళ్ళాయప్ప అన్న దాన్ని నమ్మాడు. చెప్పాక నేనూ నమ్మాను.

"ఒగ ముసిలామె ఆడ చలిలో నిలబడి ఉండాది అంటే మనం పోవాల్సిందే," అన్నాడు ఆయన. "వీళ్ళకు చెప్పొద్దు. గుండెలు ఆగి చస్తారు. బండిలో ఉండేదాన్ని ఎట్ల దింపుతావో ఆలోచించు."

ఆలోచించాను. నాకు ఆలోచనలు తొందరగా వస్తాయి.

* * *

"సార్, మేడం, ఒక చిన్న బోనస్," అన్నాను బండి తిప్పించి. "ఈ రోజు అమావాస్య. సిద్ధలకోట దగ్గర కనిపించినన్ని చుక్కలు మీకు ఇంకెక్కడా కనిపించవు. పది నిమిషాలు."

"ఇందాకే చూపించి ఉండొచ్చుగా," అన్నారు రాజేంద్ర గారు.

"ఇందాక చుక్కలు ఎక్కడున్నాయండీ, ఎండ ఉంటే," అన్నారు ప్రసూన గారు. "ఇంజినీరుగా ఏం కట్టారో మీరు."

అందరూ నవ్వారు. వెనక సీటులోంచి నవ్వు రాలేదు. నేను అద్దంలో చూడకుండా ముందుకే చూస్తూ కూర్చున్నాను. దారిలో ఒకసారి మెల్లగా వినిపించింది. "మళ్ళీ ఎక్కడికి నాయనా?" నాయనా అనే మాటను కూడా అది నేర్చుకుందని అనుకున్నాను.

ఏడూ నలభైకి కోట ముందు ఆగాం. కుళ్ళాయప్ప అన్న ఇంజిను ఆపి లైట్లన్నీ ఆర్పేశాడు. గాలి పూర్తిగా ఆగిపోయింది. గుట్టల మీద గాలిమరల ఎర్ర దీపాలు ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరుతున్నాయి. దీపాలు ఆరినప్పుడు పక్కమనిషి కూడా కనిపించడు. గంజి మాడిన వాసన ఏదో తేలుతోంది. చుట్టుపక్కల ఇల్లు లేదు. పొయ్యి లేదు.

అందరూ దిగారు. చివర్న... మెట్ల మీద కర్ర చప్పుడు. టక్. టక్. బూడిదరంగు శాలువా దిగి బండికి కొంచెం దూరంగా నిలబడింది.

చుక్కల గురించి ఏం చెప్పానో గుర్తు లేదు. ఏదో చెప్పాను. తర్వాత అన్నాను, "చీకటిగా ఉంది, తొక్కుకోవద్దు. నేను పేరు పిలుస్తాను. పిలిచినవాళ్ళు పలికి ఎక్కండి."

"స్కూలు హాజరులాగా," అన్నారు ప్రసూన గారు. ఆమె గొంతులో నవ్వు తగ్గింది.

పేర్లు పిలిచాను. రాజేంద్ర గారు. ఉన్నా. ప్రసూన గారు. ఉన్నానండీ. లక్ష్మీదేవమ్మ గారు. చెన్నప్ప గారు. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. పది పేర్లు అయ్యాయి.

అప్పుడు నేను బండికి వీపు పెట్టి, దిడ్డి వైపు తిరిగాను. ఆ నల్లటి కంతలోకి చూస్తూ పిలిచాను.

"వెంకటలక్ష్మమ్మ గారూ."

దిడ్డి లోపలినుంచి వెంటనే వచ్చింది.

"ఉన్నా నాయనా."

ఆకారం నడుము వంచి బయటికి వచ్చింది. శాలువా లేదు. కర్ర లేదు. గబగబా నడిచింది. గాలిమరల దీపాలు వెలిగాయి. తెల్ల జుట్టు, అదే చీర.

నా ఎడమ పక్కన, దూరంగా, శాలువా కదిలింది. టక్.

"ఐజాక్..." అంది ఆ గొంతు. "నాయనా... నేనిక్కడ..."

నేను అటు తిరగలేదు. దిడ్డిలోంచి వచ్చిన చేయి పట్టుకున్నాను. చేయి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎక్కించాను. వెనకే ఎక్కి తలుపు లాగేశాను.

"పోనీ అన్నా."

బండి కదిలింది. మట్టి దారిలో వేగం పోదు. కిటికీ అద్దం పక్కనే... టక్ టక్ టక్... కర్ర నేలను తాకే చప్పుడు. పరిగెత్తడం చేతకాని మనిషి పరిగెత్తితే వచ్చే చప్పుడు. ఒక అరచేయి బండి రేకు మీద రెండుసార్లు తట్టింది. మూడోసారి తట్టలేదు.

"ఏంటది?" అన్నారు రాజేంద్ర గారు.

"కుక్కలు సార్," అన్నాను.

* * *

తొమ్మిదిన్నరకు పుట్టపర్తి లాడ్జి చేరాం. అందరూ దిగి వెళ్ళారు. వెంకటలక్ష్మమ్మ గారు ముందే దిగి, మెట్లు చకచకా ఎక్కేసింది. కర్ర ఏదమ్మా అంటే, లోపల పడిపోయింది నాయనా అంది. నేను రోజూ చేసినట్టే, ఎవరైనా ఏమైనా మరిచారా అని సీట్లు చూసుకుంటూ వెనక్కి వెళ్ళాను.

చివరి సీటు కింద ఆమె గుడ్డ సంచి ఉంది. పక్కన నేనిచ్చిన నీళ్ళ సీసా, సగం తాగింది. సంచిలో బత్తాయి ఒకటి, కళ్ళజోడు పెట్టె, మాత్రల డబ్బా. వారానికి పద్నాలుగు గళ్ళ డబ్బా అది, పగలు ఏడు, రాత్రి ఏడు. ఆ రోజు పగటి గడి ఖాళీ. రాత్రి గడి కూడా ఖాళీ.

నీళ్ళియ్యి చాలు అన్నది గుర్తొచ్చింది.

దెయ్యాలు బీపీ మాత్రలు వేసుకోవు.

సంచి పట్టుకుని పైకి పరిగెత్తాను. ఇరవై రెండు మెట్లు. గది తలుపు తీసే ఉంది. ఆమె మంచం అంచున కూర్చుని, తలుపు వైపే చూస్తోంది. గోడకు చార్జరు. చార్జరుకు ఆమె ఫోను.

"అమ్మా... ఫోను మీరు కోటకు తీసుకురాలేదా?"

"లేదు నాయనా."

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉందా?"

"అక్కడే ఉంది కదా."

నేను ఫోను తీసి చూశాను. నేను చేసిన కాల్ ఒకటి, ఏడుకు నాలుగు నిమిషాలుండగా, ఎత్తనిది. నాకు చేసిన కాల్ లేదు.

అప్పుడు లైటు కింద, మొదటిసారిగా, ఆమె ముఖం చూశాను. కనుబొమ పక్కన పుట్టుమచ్చ. పై పళ్ళ మధ్య సందు. ముక్కు మీద కళ్ళజోడు అచ్చు. అంతా వెంకటలక్ష్మమ్మ గారే. ఒక్క తేడా కూడా దొరకలేదు. ఆమె నా చేతిలో సంచి చూసింది. లోపల బత్తాయి చూసింది. తీసుకుంది. ఒలవలేదు. తొక్కతో సహా కొరికి, నమిలి, గింజలు కూడా మింగి, వేళ్ళు నాకింది.

"ఇంకేమన్నా ఉందా నాయనా?" అంది.

నేను, కుళ్ళాయప్ప అన్న ఆ గంటలోనే వెనక్కి బయల్దేరాం. కోట దగ్గర హెడ్‌లైట్లు వేసి, గొంతులు పోయేదాకా పిలిచాం. తెల్లారాక చిన్నక్క వచ్చింది. మట్టిలో కర్ర గుర్తులు కనిపించాయి. బండి ఆగిన చోటు నుంచి దారి వెంట నూట ఎనభై అడుగుల దాకా చుక్కలు చుక్కలుగా పోయి, అక్కడ తిరిగి, నిదానంగా దిడ్డి దాకా వచ్చాయి. కర్ర దిడ్డి లోపలి గోడకు జాగ్రత్తగా ఆనించి ఉంది. బూడిదరంగు శాలువా మడత పెట్టి ఉంది. మనిషి లేదు. కూలిన ఇళ్ళు, కొట్టు, పొదలు, బోరు గుంతలు, అన్నీ వెతికాం.

"ముఖం చూసినావా?" అంది చిన్నక్క.

నేను వంగి శాలువా చేతిలోకి తీసుకున్నాను.

ఎవరికి చెప్పాలి? స్టేషనుకు పోతే ఎవరు తప్పిపోయారు అని అడుగుతారు. పదకొండు మంది వచ్చారు. ఆ మధ్యాహ్నం ధర్మవరంలో పదకొండు మందిని రైలెక్కించాను. ప్రసూన గారు మాత్రం వెంకటలక్ష్మమ్మ గారి పక్కన తన సీటు ఉంటే, మార్చుకుని వేరే చోట కూర్చున్నారు. రైలు కదిలేటప్పుడు నా కళ్ళలోకి చూసి, తల దించుకున్నారు.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు సిద్ధలకోట పోతున్నాను. అన్నం, నీళ్ళు, మాత్రలు నింపిన ఆమె డబ్బా దిడ్డి లోపల పెట్టి వస్తాను. అన్నం మరుసటిసారికి ఉండదు. మేకలే తినుండొచ్చు. మాత్రలు మాత్రం, పగటి గడి, రాత్రి గడి, ఏ రోజువి ఆ రోజు ఖాళీ అవుతున్నాయి.

నెల తర్వాత ఆమె కూతురు ఫోను చేసింది. "ఏం మాయ చేశారండీ మీరు? అమ్మ కర్ర లేకుండా నడుస్తోంది. బీపీ లేదు. మా పిల్లలతో సమానంగా తింటోంది. డాక్టరు నమ్మడం లేదు. మీకు థాంక్స్ చెప్పాలని చేశాను." ఆ అమ్మాయి గొంతులో అంత సంతోషం ఉంది. నేను ఏం చెప్పాలి? మీ అమ్మ ఇక్కడ ఉంది అని చెప్పాలా? మంచిదమ్మా అన్నాను.

నిన్న సాయంత్రం వెంకటలక్ష్మమ్మ గారి నంబరు నుంచి బుకింగు వచ్చింది. నేను అతిథులకు పంపే ఫారమే, అన్ని గళ్ళూ నింపి ఉంది. పదకొండు మంది. బండి మొత్తం వాళ్ళకే, బయటివాళ్ళు వద్దని రాసి ఉంది. పది పేర్లు నేనెప్పుడూ వినని పేర్లు, వయసు గడి ఖాళీ, ఫోను గడి ఖాళీ. ఎక్కించుకోవాల్సిన చోటు: సిద్ధలకోట, దిడ్డి వాకిలి. దింపాల్సిన చోటు: హైదరాబాదు.

పదకొండో పేరు వెంకటలక్ష్మమ్మ. వయసు డెబ్బై ఒకటి.

కూతురికి ఫోను చేసి అడిగాను. అమ్మకు ఫారాలు నింపడం రాదండీ, అయినా అమ్మ ఫోను వాడటం మానేసి నెలైంది, అంది.

కుళ్ళాయప్ప అన్నకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఫోను బోర్లించి నా చేతికిచ్చాడు.

"రద్దు చెయ్యి."

"ఆ యమ్మ ఉండాది కదన్నా అందులో."

"మిగతా పది మంది?"

ఫోను జేబులో పెట్టుకున్నాను. బుకింగు రద్దు చేయలేదు. తారీఖు వచ్చే గురువారం, సాయంత్రం ఆరూ పదిహేను. పదకొండు మంది, నేను. పన్నెండు సీట్లు.

సరిపోతాయి.